కొసకు తగిలి ఉన్నవాటితో సహా

నూకరత్నం తానొక కేబులునని తెలుసుకున్నది కార్తీక మాసంలో ఒక మంగళవారం, పదకొండు గంటల పది నిమిషాలకు. అప్పుడామె చేతిలో డైరెక్టరుగారికి పట్టుకెళుతున్న అల్లం టీ ఉంది. నోటీసు బోర్డు మీద కొత్తగా అంటించిన కాగితంలో అటెండర్ల పేర్లు వరసగా ఉన్నాయి. కేబులు నంబరు ఒకటి, కేబులు నంబరు రెండు. నాలుగో నంబరు దగ్గర తన పేరు.

ముప్ఫయ్యొక్క ఏళ్ల నౌకరీలో ఆమెను చాలా రకాలుగా పిలిచారు. నూకాలన్నారు, రత్తమ్మన్నారు, ఇదిగో అన్నారు, ఒసేయ్ అన్నారు. కేబులు అని మాత్రం ఎవరూ అనలేదు.

"టీ చల్లారిపోద్ది, నడు," అని తనకు తనే చెప్పుకుని లోపలికి వెళ్లింది.

అది జలమార్గ అనుమతుల సంచాలక కార్యాలయం. గోదావరి పాయల మీద తిరిగే పడవలకూ పంట్లకూ అనుమతులిచ్చే చోటు. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ గేదెల్నీ ఒక్కసారే ఏరు దాటించే వెడల్పాటి పడవ. ఏటా వరద తీశాక ప్రతి పంటుకూ కొత్త అనుమతి కావాలి. అది రేవును వేలంలో పాడుకున్న పాటదారు చేతిలో పడేదాకా పంటు ఒడ్డున కట్టేసి ఉండాల్సిందే. చిన్న నావ మీద దొంగచాటుగా దాటినా నేరమే.

ఆ కాగితాలను బల్లల మధ్య తిప్పేదీ, చివరకు గేటు దాటించి అవతలి వాళ్ల చేతిలో పెట్టేదీ నూకరత్నం. ఆమె చంకలో ఎప్పుడూ ఒక ఎర్ర అట్ట తపాలా పుస్తకం ఉండేది. కాగితం ఇచ్చాక అందులో సంతకం తీసుకోవాలి. సంతకం పడకుండా చీటీ ముక్క కూడా ఆమె చెయ్యి దాటి ఎరగదు. ఒకసారి ఒక పెద్ద ఆఫీసరు "నన్నే నమ్మవా?" అని గుడ్లురిమితే, "మిమ్మల్ని నమ్మకపోడం కాదండి, ఇచ్చీసినవి ఎక్కడికి పోయాయోనని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదండి" అంది.

అది నిజమే. ఆమె మొగుడు ఒకనాడు పొద్దున్నే, కూర ఏం వండుతున్నావని అడిగి మరీ బయటికెళ్లాడు. మళ్లీ రాలేదు. చెల్లెలు తన కాళ్ల మీద తనే నడిచి ఆసుపత్రిలోకి వెళ్లింది, తిరిగి నడవలేదు. ఎవరికి అప్పగించిందో, ఏ తేదీన అప్పగించిందో నూకరత్నం దగ్గర రాసిపెట్టి ఉన్నవి ప్రభుత్వ కాగితాలు మాత్రమే. చెల్లెలు వదిలిపోయిన మూడేళ్ల పిల్ల వీరవేణిని తనే పెంచింది. ఆ పిల్లకిప్పుడు ఇరవై రెండు. పై శుక్రవారం నేరేడులంకలో పెళ్లి. పెళ్లికొడుకు త్రిమూర్తులుది ఆ లంకే. పెళ్లి మగపెళ్లివారింటే గనక పిల్లను తరలించుకుని వెళ్లాలి. వెళ్లాలంటే నేరేడులంక పంటు తిరగాలి. పంటు తిరగాలంటే దాని ఫైలు ఈ ఆఫీసు గేటు దాటాలి.

ఇంతకీ మనుషులు కేబుళ్లెలా అయ్యారంటే, ఆషాఢంలో ఈ ఆఫీసుకు ఒక పెట్టె వచ్చింది.

నిలువెత్తు నల్ల బీరువా అది. దాంతోపాటు రాజధాని నుంచి ప్రణీత్ అనే సలహాదారు కూడా వచ్చి, మీటింగు హాల్లో తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. పూర్వం ఒక్కో కంప్యూటరు ఒక్కో చోట ఉండేదట. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే బారలకు బారలు తీగలు లాగి, దూరంగా ఉన్న స్విచ్చికి కలపాలట. ఏ తీగ ఎటు పోయిందో బ్రహ్మకు కూడా తెలిసేది కాదట. ఇప్పుడలా కాదు. ఒకే పెట్టెలో పదహారు పలచటి పలకలు. ఒక్కో పలకా ఒక్కో కంప్యూటరు, దాని పేరు బ్లేడు. వాటిని కలిపే స్విచ్చి కూడా అదే పెట్టె కడుపులో ఉంటుంది. తీగలుండవు, చోటు కలిసొస్తుంది, కరెంటు తగ్గుతుంది, చెడిపోయే భాగాలు తగ్గుతాయి. ఇక పలకకూ పలకకూ మధ్య మాట రెప్పపాటులో పోతుంది.

"రెప్పపాటులోనే!" అన్నారు డైరెక్టరు విరూపాక్షరావుగారు, మిరపకాయ బజ్జీ నోటిదాకా తెచ్చి ఆపి.

టీలు పంచుతున్న నూకరత్నం తెర మీద పెట్టె వెనకవైపు బొమ్మ చూసింది. అక్కడొక లావుపాటి తీగ కనిపించింది.

"తీగలుండవన్నావు గదా బాబూ, మరి అదేంటి?"

"అది అప్‌లింక్ అండీ. లోపల ఎంత స్పీడున్నా బయటికి పోవడానికి అదొక్కటి ఉండాలి. అది లేకపోతే పెట్టె తనలో తను మాట్లాడుకుంటుందంతే."

"మాంచి ప్రశ్నే అడిగావులే, ముందు చట్నీ తీసుకురా," అన్నారు విరూపాక్షరావుగారు. జవాబు ఆయన వినలేదు. అప్పటికాయన చూపు ఇంకెక్కడో ఉంది.

యంత్రం బాగానే పనిచేసింది. దాంట్లో వేయడానికి ఆఫీసులో ఏమీ లేకపోవడం దాని తప్పు కాదు. మూడు నెలలపాటు అది ఏసీ గదిలో చల్లగా కూర్చుంది. ఎండ మండిన రోజుల్లో గుమస్తాలు దాని పక్కన చేరి భోజనాలు చేశారు. విరూపాక్షరావుగారు మాత్రం రోజూ ఒక గంట దాని ముందు నిలబడి చూసేవారు. ఇంత పద్ధతైన వస్తువు ఇంత పద్ధతి లేని ఆఫీసులో ఉండడమేమిటని ఆయన మనసు కుమిలిపోయింది. చివరకు కార్తీకంలో ఆ కుములుడు ఉత్తర్వుగా బయటపడింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఈ కార్యాలయము ఇక మీదట ఏకపెట్టె విధానమున నడుపబడును. గుమస్తాలు పదహారుగురు బ్లేడులుగా పరిగణింపబడుదురు. సూపరింటెండెంటు శ్రీ భానోజీరావు అంతర్గత స్విచ్చిగా వ్యవహరింతురు. బ్లేడులు స్విచ్చి ద్వారా తప్ప పరస్పరము సంభాషించరాదు. బాహ్య కేబుళ్లుగా గుర్తింపబడిన అటెండర్లు తక్షణమే తొలగింపబడి వరండాలో ఉంచబడుదురు."

రెండు రోజుల్లో పని అయిపోయింది. రికార్డు గదిలోని ఇనుప అరలు ఖాళీ చేసి, హాలు మధ్యకు తెచ్చి, గుండ్రంగా నిలబెట్టారు. కింది అరల్లో ఎనిమిది కుర్చీలు, పై అరల్లో ఎనిమిది కుర్చీలు. పైవాళ్లు ఎక్కడానికి ఒక నిచ్చెన వేశారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న మంగతాయారు పై అరలోకి ఎక్కి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "పండక్కి బొమ్మల కొలువులో పెట్టినట్టుంది నా బతుకు," అంది. నడిమధ్యన తిరిగే కుర్చీలో భానోజీరావుగారిని కూర్చోబెట్టారు. ఎవరికే ఫైలు ఇవ్వాలన్నా ఆయన చేతికివ్వాలి, ఆయన గిర్రున తిరిగి రెండో వాళ్లకివ్వాలి. మాటలూ అంతే.

మొదటి రోజే ఆయన ద్వారా మాటలు పారాయి.

"స్విచ్చిగారూ, కిటికీ వేయమని పై అర మంగతాయారుగారికి చెప్పండి," అన్నాడు కింది అర గుమస్తా ఒకడు.

భానోజీరావుగారు తిరిగి, "కిటికీ వేయమంటున్నాడమ్మా," అన్నారు.

"తన చేతులేమైనా పడిపోయాయా అని అడగండి."

భానోజీరావుగారు ఇటు తిరిగి, మొహంలో ఏ భావమూ లేకుండా, "నీ చేతులేమైనా పడిపోయాయా?" అన్నారు.

మధ్యాహ్నానికి గోంగూర పచ్చడి డబ్బా కూడా ఆయన మీదుగానే నాలుగు అరలు తిరిగింది. సాయంత్రానికి ఆయన మెడ కుడివైపుకు తిరిగి ఉండిపోయింది.

వేగం సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఇదివరకు నాలుగు రోజులు పట్టే ఫైలు పదహారు అరలూ తొమ్మిది నిమిషాల్లో చుట్టేసింది. విరూపాక్షరావుగారు గోడకు ఒక నల్లబల్ల పెట్టించి, ఫైలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయిన ప్రతిసారీ గీత పెట్టించారు. తొలి రోజు రెండు వేల కదలికలు. రెండో రోజు మూడు వేల నాలుగు వందలు. రాజధానికి ఫోను చేసి చెప్తే, ఇంత చురుకైన ఆఫీసు రాష్ట్రంలో లేదని బహుమతి ప్రకటించారు.

నేరేడులంక ఫైలు, పెళ్లికి సరిగ్గా వారం ముందు, శుక్రవారం ఉదయం పదింటికి అరల్లోకి వెళ్లింది, పదీ తొమ్మిదికి సంతకాలన్నీ పూర్తయ్యాయి. వరండాలోంచి కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్న నూకరత్నం దేవుడికి దణ్ణం పెట్టుకుంది. పదీ పదికి ఆ ఫైలు మళ్లీ మొదటి అరలోకి వెళ్లింది.

"అదేంటండీ, అయిపోయింది గదా!" అంది కిటికీలోంచి.

"అయిపోయిందే," అన్నారు భానోజీరావుగారు, మెడ తిరక్క కుర్చీతో సహా తిరిగి. "బయటికివ్వడానికి డిస్పాచి బల్ల లేదు. అది గేటు పక్కనుండేది గదా, బాహ్య కేబులింగు కింద తీసేశారు. దాని కిటికీ కూడా ఇటికలు పెట్టి మూసేశారు. నా చేతిలో ఏది పెట్టినా తిప్పి పక్కవాళ్లకివ్వడమే నా డ్యూటీ. నేను స్విచ్చిని."

ఆ రోజు నేరేడులంక ఫైలు నలభై ఒక్కసార్లు తిరిగింది. ప్రతిసారీ ఒక్కొక్కరూ "చూడడమైనది" అని రాశారు. సోమవారానికి ఫైలు దిండంత లావయింది. నూకరత్నం దాన్ని రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎదురింటి చంటిపిల్లను ఊయల్లో చూసినట్టు, చేయి చాస్తే అందేంత దూరంలో.

ఇంటికెళ్తే వీరవేణి గోరింటాకు రుబ్బుకుంటోంది.

"పెద్దమ్మా, మీ ఆఫీసోళ్లకి నా పెళ్లి ఇష్టం లేదా ఏంటి?"

"నోర్ముయ్. ఎవరికి ఇష్టం లేదే?"

"నీకే లేదేమోనని నా డౌటు. కాగితం నువ్వే ఎక్కడో దాచేసుంటావు."

పిల్ల నవ్వుతూనే అంది. నూకరత్నానికి మాత్రం గుండెలో ఎక్కడో సూది గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఫైలు తిరిగినన్ని రోజులూ పిల్ల ఇంట్లోనే ఉంటుందన్న ఆలోచన ఆమెకు నిన్న వచ్చింది, ఎంత తరిమినా పోలేదు. ఆ సిగ్గుతోనే మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారి గది గుమ్మంలో నిలబడింది.

"అయ్యా, నేరేడులంక పంటు కాగితం బయటికి ఇప్పించండి. శుక్రవారం మా పిల్ల పెళ్లండి."

విరూపాక్షరావుగారు దయగా చూశారు. "శుభం. ఆ లంక పెట్టెకు లోపలుందా, బయటుందా?"

"బయటే గదండి. ఏటికి అవతల."

"అదీ! మన బాధ్యత పెట్టె లోపలి వేగం వరకే. బయటి విషయం రెండో దశ. దానికి వేరే టెండరు పిలవాలి."

"అయ్యా, ఆ ప్రణీత్ బాబు ఎనకాల లావుపాటి తీగ చూపించాడండి. అది లేకపోతే పెట్టె తనలో తనే మాట్లాడుకుంటాదని అన్నాడండి. ఆ తీగ నేనేనండి."

ఆయన పకపకా నవ్వారు. "నూకరత్నం, సాంకేతిక విషయాలు మాకొదిలెయ్. కావాలంటే మగపెళ్లివారితో ఫోనులో మాట్లాడు. కనెక్షను ముఖ్యం గాని, మనిషి కదలడం ముఖ్యం కాదు."

"తాళి ఫోనులో కట్టించమంటారాండీ?"

ఆయనకు వేరే తొందర ఉంది. జాయింటు కమిషనరుగా పదోన్నతి ఇస్తామని వారం కిందటే ఉత్తర్వు వచ్చింది. సమ్మతి పత్రం గురువారం సాయంత్రంలోగా రాజధానికి అందాలి. ఆయన దానిమీద అందంగా సంతకం చేసి, తనే స్వయంగా స్విచ్చి చేతిలో పెట్టారు. తొమ్మిది నిమిషాల తరువాత అది మళ్లీ ఆయన బల్ల మీదకే వచ్చింది, పదహారు "చూడడమైనది"లతో. అబ్బ, ఏం వేగమని ఆయన మురిసిపోయి మళ్లీ పంపారు.

బుధవారం సాయంత్రం నోటీసు బోర్డు మీద ఇంకో ఉత్తర్వు పడింది. బహుమతి ఇవ్వడానికి పెద్దలు వస్తున్నారు, వరండా శుభ్రంగా ఉండాలి.

"తొలగింపబడిన కేబుళ్లు యావత్తూ, వాటి కొసలకు తగిలి ఉన్న వస్తువులతో సహా, గురువారము సాయంత్రములోగా గేటు పాసుపై ఆవరణ వెలుపలికి చేర్పబడవలెను. ఒకమారు వెలుపలికి చేర్చిన కేబుళ్లు తిరిగి లోనికి అనుమతింపబడవు."

మిగతా అటెండర్లు తిట్టుకున్నారు. నూకరత్నం కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. చదవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు మోసిన కాగితాల మీద ఏముందో తెలియక భయమేసి, తనే కూడబలుక్కుని నేర్చుకుంది. నాలుగోసారి "కొసలకు తగిలి ఉన్న" దగ్గర వేలు పెట్టి ఆగింది.

గురువారం మధ్యాహ్నం ఆమె తిన్నగా అరల మధ్యకు నడిచి వెళ్లింది. నేరేడులంక ఫైలు అప్పుడు భానోజీరావుగారి చేతిలో ఉంది. రెండో చివర గట్టిగా పట్టుకుంది.

పదహారు అరల్లోనూ కలాలు ఆగిపోయాయి. డైరెక్టరుగారు పరుగున వచ్చారు.

"ఏమిటిది? కేబులు పెట్టెలోకి రావడమేమిటి?"

"వదలమంటే వదలట్లేదండి," అన్నారు భానోజీరావుగారు. అప్పటికే ఆయన తన కొస వదిలేసి మెడ రుద్దుకుంటున్నారు.

"నేను కేబులునేనండి," అంది నూకరత్నం. "నాలుగో నంబరు. తమ ఉత్తర్వు ప్రకారం బయటికి పోవాలండి. ఇది నా కొసకి తగిలి ఉందండి."

విరూపాక్షరావుగారు ఉత్తర్వు తెప్పించుకుని చదివారు. తను రాసిన వాక్యంలో తప్పు ఉండడమనేది ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు. ఫైలు వైపు చూశారు, ఆమె చేతి వైపు చూశారు.

"తగిలే ఉంది," అన్నారు చివరకు. "నిబంధన నిబంధనే. కానీ నూకరత్నం, వెళ్తే మళ్లీ లోపలికి రాలేవు. ఇంకా ఎనిమిది నెలల సర్వీసుంది నీకు."

ఆమె ఒక్కసారి హాలంతా చూసుకుంది. తను రోజూ తుడిచిన బల్లలు, పై అరలోంచి కొంగు నోట్లో కుక్కుకుని చూస్తున్న మంగతాయారు, నీళ్ల కుండ. మళ్లీ రానని తెలిసి ఒక చోటు నుంచి వెళ్లడం ఆమెకిదే మొదటిసారి. ఇదివరకు వెళ్లినవాళ్లంతా ఆమెకు చెప్పకుండా వెళ్లినవాళ్లే.

"తెలుసండి. అయ్యా, నాకు రెండో కొస కూడా ఉందండి." ఎడమ చేయి చాపింది. "తమ పెద్ద ఉద్యోగం కాగితం కూడా తగిలించమంటారా? దారిలో పోస్టాఫీసులో ఫాక్సు చేయించేస్తాను. సాయంత్రానికి అందిపోద్ది."

విరూపాక్షరావుగారు ఎగిరిపడ్డారు. "ఏమన్నావ్! ఈ విధానాన్ని ప్రవేశపెట్టిన నేను, పాత కేబులు మీద ఆధారపడాలా? నా పత్రం వ్యవస్థ ద్వారానే వెళ్తుంది!"

ఆ చేతిలోకి ఆమె తపాలా పుస్తకం తీసుకుంది.

గేటు దగ్గర కాపలాదారు దావీదు పాసు పుస్తకం తెరిచాడు. "పాత కేబులు, ఒకటి. కొసలకు తగిలినవి, ఫైలు ఒకటి, పుస్తకం ఒకటి. అక్కా, ఇక్కడ గడి ఉంది. తిరిగి వచ్చునదా, తిరిగి రానిదా?"

"రానిదేరా, తమ్ముడూ."

దావీదు టిక్కు పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే రేవు పాటదారు కాగితం అందుకుని, పుస్తకంలో సంతకం పెట్టి, పంటు తాళ్లు విప్పించాడు. అదే వేళకు ఆఫీసులో బహుమతి సభ జరిగిందట. ఆరు వేల కదలికల రికార్డుకు శాలువా కప్పారట. ఆ ఆరు వేలలో నాలుగు వందల పన్నెండు డైరెక్టరుగారి సమ్మతి పత్రానివి. అయిదు గంటలకు గడువు దాటినప్పుడు కూడా అది మంచి వేగం మీదే ఉందని మంగతాయారు ఫోనులో చెప్పింది.

శుక్రవారం పంటు మీద పెళ్లికూతురూ, సన్నాయి మేళమూ, అరిసెల బుట్టలూ, ఎవరిదో ఒక గేదే కలిసి ఏరు దాటాయి. తాళి కట్టడం అయింది. మధ్యాహ్నం ఎండ వాలాక అప్పగింతలు మొదలుపెట్టారు. పాలల్లో ముంచిన వీరవేణి చేతిని త్రిమూర్తులు చేతిలో పెట్టమన్నారు పంతులుగారు.

నూకరత్నం పెట్టలేదు. చంకలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసింది.

"బాబూ, ఇక్కడ సంతకం పెట్టు."

చుట్టాలు గొల్లున నవ్వారు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న వీరవేణి నవ్వు ఆపుకోలేక, "నేనేమన్నా రిజిస్టరు పోస్టునా పెద్దమ్మా?" అంది. ముక్కు చీదింది.

"నువ్వు మాట్లాడకు. ఇదొక్కటి రాసుకోకుండా ఎవర్నీ ఇంక పంపను నేను. బాబూ, పొట్టి సంతకం కాదు, పేరు పూర్తిగా రాయాలి. తేదీ, టైము."

త్రిమూర్తులు తలపాగా సర్దుకుని, పాలు కారుతున్న చేతిని పంచెకు తుడుచుకుని, బుద్ధిగా రాశాడు. అతని అక్షరాలు పెద్దవిగా, వంకరగా, చదవడానికి వీలుగా ఉన్నాయి. నూకరత్నం కళ్లజోడు పెట్టుకుని సరిచూసింది. సంతకం పక్కన తనే స్కేలు లేకుండా ఒక చిన్న గడి గీసింది. అందులో కలంతో మెల్లగా, ఒత్తి ఒత్తి రాసింది.

"ఏం రాశారండీ అత్తగారూ?" అని తొంగిచూశాడు త్రిమూర్తులు. పైకే చదివాడు. "తిరిగి వచ్చునది."

"అవును."

"ఎప్పుడండీ?"

"ఆషాఢానికి," అంది నూకరత్నం. పుస్తకం మూసి, అప్పుడు పిల్ల చేతిని అతని చేతిలో పెట్టింది.